చెప్పొద్దన్న మాటలు

"లోపలికి రామ్మా" అని చాముండేశ్వరి రెండోసారి పిలిచింది. స్రవంతి చెప్పులు విప్పలేదు. గుమ్మం దాటి షూ ర్యాక్ పక్కనే నిలబడిపోయింది. నిన్న దీపావళి ప్రోగ్రామ్‌కి కట్టుకున్న ఆకుపచ్చ పట్టుచీరే ఇంకా ఒంటి మీద ఉంది. కొంగంతా నలిగిపోయింది.

"కూర్చోనీకి రాలే ఆంటీ. ఇంద్రజ ఉందా?"

ఇంద్రజ మేడమెట్ల మధ్యలో ఆగిపోయింది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఆమె ఫోన్‌కి ఒకటే మెసేజ్‌లు. పాట గుండె పిండేసింది, ఆ నీడ లైన్ నీకెలా తట్టింది అని. ప్రతి దానికీ థాంక్యూ అని జవాబిచ్చింది. కొన్నిటికి చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టింది.

ఆ ఫోన్‌ని ఇప్పుడు చున్నీ చాటుకి జరుపుకుంది.

"రవి ఎక్కడున్నడో నీకు తెలుసు" అంది స్రవంతి. అది ప్రశ్నలా లేదు.

"ఇంట్లో లేడా?"

"పొద్దుగాల లేచేసరికి కారు లేదు. ఫోన్ ఎత్తుతలేడు. రఘుకి చేసిన, వాళ్ళ గ్యారేజ్‌ల కూడా లేడంట. పాపని పక్కింట్ల వదిలి వచ్చిన." మెట్ల వైపు ఒక అడుగు వేసింది. "ఆ లైబ్రరీ ఎక్కడ?"

ఇంద్రజ ఒక మెట్టు కిందికి దిగింది.

"పాటల ఉంది కదా. లైబ్రరీ ముందర కారు, కార్ల మనిషి. నాకు తెల్వని లైబ్రరీ. నీకు తెలిసిన లైబ్రరీ."

వంటింట్లోంచి ఉమాకాంత్ కాఫీ కప్పుతో వచ్చాడు. నిన్న హాల్లో అందరితోపాటు లేచి నిలబడి, భార్య రాసిన పాటకి చప్పట్లు కొట్టినవాడు. అతని మొహంలో ఆ సంతోషం ఇంకా పూర్తిగా పోలేదు.

"ఏమైంది స్రవంతి గారూ? రవికేమైంది?"

"జాబ్ పోయిందన్నయ్యా. జూన్ల పోయింది. నిన్న స్టేజ్ మీద పాడి మీ అందరికి చెప్పిండు. నాక్కూడా అప్పుడే చెప్పిండు."

ఉమాకాంత్ కప్పు బల్ల మీద పెట్టాడు. మెల్లగా తలెత్తి ఇంద్రజ వైపు చూశాడు. ఇంద్రజ ఆ చూపు తప్పించుకుని మెట్ల చెక్క వైపు చూసింది.

రవికాంత్ వాళ్ళ బృందానికి గొంతు. ఇంద్రజ మాటలు రాస్తుంది, అతను బాణీ కట్టి పాడతాడు, రఘు కీబోర్డ్ వాయిస్తాడు. డాలస్ పక్కన ఇర్వింగ్ నుంచి ఆఫీసుకి డ్రైవ్ చేస్తూ రేడియోలో టెక్సస్ కంట్రీ పాటలు విని విని, తెలుగులో కూడా అలాంటివి రాయాలని ఇంద్రజకి పట్టుదల. వెన్నెలా విరహమూ కాకుండా, ఒక మనిషికి ఒక రోజు ఏం జరిగిందో చెప్పే పాట. ఆమె పాటలకి డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో పేరొచ్చింది అందుకే.

జూలైలో ఒక రిహార్సల్ తర్వాత, ఇంటి దగ్గర దింపుతూ రవికాంత్ ఆమెకి సంగతి చెప్పాడు. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్రవంతి కట్టిచ్చిన డబ్బా తీసుకుని బయల్దేరుతున్నాడు. వెళ్ళేది మాత్రం లాస్ కొలీనాస్‌లోని ఆఫీసుకి కాదు. తెలిసినవాళ్ళెవరూ రాని ఊళ్ళో, ఒక లైబ్రరీ పార్కింగ్‌లో, సాయంత్రం దాకా. గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి వీసా భయం లేదు. స్రవంతి మొహంలోకి చూసి చెప్పాల్సి వస్తుందన్నదే భయం. "ఎవరికీ చెప్పొద్దు ఇందూ" అన్నాడు.

ఇంద్రజ ఎవరికీ చెప్పలేదు. ఉమాకాంత్‌కి కూడా. పాట రాసింది.

ఆ కాగితం, రిహార్సల్స్ జరిగే రఘు గ్యారేజ్‌లో రవికాంత్ చేతికిచ్చినప్పుడు అతను రెండుసార్లు చదివాడు. ఏమీ అనలేదు. కీబోర్డ్ దగ్గర కూర్చుని కూనిరాగం తీయడం మొదలుపెట్టాడు. ఆ మౌనాన్ని ఇంద్రజ అనుమతిగా తీసుకుంది. అలా తీసుకోవడం ఆమెకి సుఖంగా ఉంది కాబట్టి.

"నేను పేరు పెట్టలేదు స్రవంతీ. ఎవరికీ తెలియకుండా..."

"ఎడమ చెయ్యి కమిలిందేమని నువ్వడిగావు" అంది స్రవంతి. పాటలో లైన్లని రాగం లేకుండా, రేషన్ కార్డు చదివినట్టు చదివింది. "ఆఫీసు పార్కింగ్ దూరమని నేనన్నాను. అది నా మాట ఇంద్రజా. నా కిచెన్ల నేను అడిగిన మాట. కారు కిటికీ పక్క చెయ్యి అది. ఎండాకాలమంత దానికి పెరుగు రాసిన. నిన్న ఆ మాటకి ఐదొందల మంది చప్పట్లు కొట్టిండ్రు. నా పక్క కుర్చీల కూర్చున్నామె కళ్ళు తుడుచుకుంటా, ఎవరో పాపం అంది."

పెనం మీద దోసె మాడుతున్న వాసన వచ్చింది. చాముండేశ్వరి వెళ్ళి స్టవ్ ఆపి వచ్చింది. ఆమె కొడుకు దగ్గరికొచ్చి నాలుగు నెలలు కావస్తోంది. ఈ ఇంట్లో పెద్దగా జోక్యం చేసుకోదు.

"ముందు ఆ అబ్బాయిని వెతకండి" అంది. "మిగతావన్నీ తర్వాత. ఉమా, తాళాలు తీసుకో."

* * *

కారు ఉమాకాంత్ నడుపుతున్నాడు. స్రవంతి వెనక సీట్లో కూర్చుంది. భర్త పక్కన కూర్చోవడానికి మొహం చెల్లక ఇంద్రజ కూడా వెనకే ఎక్కింది. ఎక్కాక గానీ, స్రవంతి పక్కన కూర్చోవడం అంతకన్నా కష్టమని తెలియలేదు.

హైవే మీద ఆదివారం పొద్దుటి ట్రాఫిక్ పల్చగా ఉంది.

"ఎప్పుడు చెప్పాడు నీకు?" అన్నాడు ఉమాకాంత్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"జూలైలో. డ్రాప్ చేసినప్పుడు."

"అప్పట్నుంచీ ప్రతి వారం?"

"కొంచెం కొంచెం చెప్పేవాడు."

"మన ఇంటి ముందు కారాపుకుని."

"ఊఁ."

ఆ కారు హెడ్‌లైట్లు తమ గ్యారేజ్ తలుపు మీద అరగంటేసి వెలుగుతూ ఉండటం ఉమాకాంత్ మేడ మీంచి చూసేవాడు. ట్యూన్ గురించి మాట్లాడుకుంటున్నారనుకునేవాడు. ఒకసారి ఆ మాటే పైకి అన్నాడు కూడా. అవునంది ఇంద్రజ.

"ఆ నీడ లైను" అంది స్రవంతి హఠాత్తుగా. "నీడ జరిగితే కారు జరిపాను, పొద్దు వాలితే ఇంటికొచ్చాను. నిన్న మీ పాటకి వాయించిన, భాష రాని ఆ స్టీల్ గిటారాయన డ్వేన్ కూడా మీనింగ్ అడిగి తెలుసుకుండంట. అది నువ్వు రాసినవా?"

అవునంటే సరిపోయేది. పొద్దుట్నుంచీ మెసేజ్‌లలో అందరికీ అదే చెప్పింది. ఆ లైన్ బాగుందన్న ప్రతివాళ్ళకీ థాంక్యూ పెట్టింది.

"కాదు" అంది ఇంద్రజ. "రవి అన్నదే. నీడ జరిగినప్పుడల్లా కారు జరుపుతున్న ఇందూ, పొద్దంతా నా డ్యూటీ అదే అన్నాడు. నేను కొంచెం మార్చానంతే."

చెప్పాక, నిజం చెప్పినందుకు ఏదో కాస్త బరువు తగ్గుతుందనుకుంది. స్రవంతి మొహం చూశాక ఆ ఆశ కూడా పోయింది.

"అంటే అట్ల మాట్లాడొస్తది ఆయనకి" అంది స్రవంతి నెమ్మదిగా. "పన్నెండేండ్లాయె పెళ్ళయి. నాతోని ఎన్నడూ అట్ల మాట్లాడలే. కూరల ఉప్పు తక్కువైంది, పాపకి స్విమ్మింగ్ ఉంది, ట్రాష్ బయట పెట్టిన. గివే. మాటలు రాని మనిషి అనుకున్న నేను. ఉన్న మాటలన్ని నీ ఇంటి ముందర దించి, ఖాళీగా వచ్చేటోడన్న మాట."

"స్రవంతీ, అట్లా ఏమీ లేదు. నువ్వనుకుంటున్నట్టు..."

"నేనేం అనుకుంటలేను. నువ్వు ఆయన్ని పట్టుకపోతే కొట్లాడేదాన్ని. మాటలు పట్టుకపోయినవ్. దానికి ఎట్ల కొట్లాడాలె?"

అద్దంలో ఉమాకాంత్ కళ్ళు ఒక్కసారి ఇంద్రజ మీద నిలిచి మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళిపోయాయి.

స్రవంతి కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి, ఎవరితోనూ కానట్టు మాట్లాడింది.

"డబ్బా నేనే కడిగేదాన్ని. ఒక్క మెతుకు మిగిల్చేటోడు కాదు. పాటల ఏమో ముద్ద ముద్దకి తలవంపు అని రాసినవ్. ముద్ద దిగకుంటే డబ్బా ఖాళీ ఎట్లయితది? మొత్తం తినేటోడు. అబద్ధానికి అంత ఆకలుంటదా?"

అబద్ధానికి అంత ఆకలుంటదా.

ఆ మాట ఇంద్రజ చెవిలో పడటం, తాళంలో కూర్చోవడం ఒకేసారి జరిగాయి. ఆమె ఏమీ చేయలేదు. కావాలని చేయలేదు. మోకాలి మీద చూపుడువేలు మాత్రం రెండుసార్లు ఆడింది.

స్రవంతి చూసింది.

"రాసుకుంటున్నవా?" అంది.

ఇంద్రజ చెయ్యి వెనక్కి తీసుకుంది. లేదు అనబోయింది. కారు ఆపి దింపేయమని స్రవంతి అంటే బాగుండుననుకుంది. స్రవంతి మాత్రం కొంగు దగ్గరికి లాక్కుని తలుపు వైపు జరిగి కూర్చుంది.

ఎగ్జిట్ దగ్గర ఉమాకాంత్ వేగం తగ్గించాడు. "ఎటు?"

"లెఫ్ట్" అంది ఇంద్రజ. "మెయిన్ ఎంట్రన్స్ కాదు. వెనక వైపు వెళ్ళాలి. తిరిగిచ్చే పుస్తకాలు వేసే డబ్బా దాటాక, కుడివైపు చివర ఓక్ చెట్ల కింద."

"అంత కరెక్ట్‌గా నీకెట్ల తెలుసు?" అంది స్రవంతి. "ఆయన చెప్పిండా, ఏ చెట్టు కిందనో కూడా?"

ఉమాకాంత్ బ్లింకర్ వేసి లెఫ్ట్ తీసుకున్నాడు.

"ఒకసారి వచ్చాను."

"ఆయన్ని కలవనీకా?"

"కాదు."

"మరెందుకు?"

"చూడటానికి" అంది ఇంద్రజ. "ఆగస్టులో. ఆఫీసుకి లంచ్ బ్రేక్ చెప్పి వచ్చాను. దూరంగా కారాపుకుని చూశాను. అతను డబ్బా తెరిచి తినడం, మూత తుడిచి మళ్ళీ సంచీలో పెట్టడం. అద్దం కిందికి దించుకుని చెయ్యి బయట పెట్టుకోవడం."

"పలకరించలే?"

"లేదు."

"చెయ్యన్నా ఊపలే?"

"లేదు."

"అంత ఎండల, ఒక్క మనిషి, నీ దోస్తు" అంది స్రవంతి. వాక్యం పూర్తి చేయలేదు.

ఆ రోజు ఆఫీసుకి తిరిగి వెళ్తూ ఇంద్రజ సంతోషంగా ఉంది. రెండో చరణం దొరికిన సంతోషం. అది మాత్రం పైకి చెప్పలేదు. చెప్పకపోయినా వెనక సీటంతా ఆ సంతోషం వాసన కొడుతున్నట్టే ఉంది.

* * *

ఆదివారం పొద్దున లైబ్రరీ తెరవరు. పార్కింగ్ లాట్ మొత్తం ఖాళీ. చివర ఓక్ చెట్ల కింద ఒక్కటే బూడిదరంగు కారు. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. సీటు పూర్తిగా వెనక్కి వాల్చి ఉంది. లోపల మనిషి కదలడం లేదు.

ఉమాకాంత్ బ్రేక్ వేసేలోపే స్రవంతి తలుపు తీసింది. చీర కాళ్ళకి అడ్డం పడుతుంటే రెండు చేతులతో ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. అద్దం మీద అరచేత్తో కొట్టింది. ఒకసారి. మళ్ళీ. "రవీ" అని పిలిచిన పిలుపు ఇంద్రజకి ఇక్కడిదాకా వినిపించింది. దేవుడా, వద్దు అనుకుంది. పాటలోకి రాని మాట అది, అంత మామూలు మాట.

లోపల మనిషి ఉలిక్కిపడి లేచాడు.

స్రవంతి కారుకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. రవికాంత్ తలుపు తీసుకుని దిగి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. తర్వాత స్రవంతి అతని ఎడమ చెయ్యి పట్టుకుని, చెంప మీద ఒక దెబ్బ కొట్టి, ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇంద్రజ తలుపు హ్యాండిల్ మీద చెయ్యి వేసింది.

"నువ్వు కూర్చో" అన్నాడు ఉమాకాంత్. తను దిగి వెళ్ళాడు.

అద్దంలోంచి ముగ్గురూ కనిపిస్తున్నారు, మాటలు వినపడటం లేదు. రవికాంత్ తల దించుకుని చెబుతున్నాడు. ఉమాకాంత్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఒకసారి రవికాంత్ ఈ కారు వైపు చూశాడు. చెయ్యి ఎత్తబోయి, స్రవంతి పక్కన ఉందని గుర్తొచ్చినట్టు దించేశాడు. ఇంద్రజకి అక్కడ కూర్చోవడం ఆగస్టులో కూర్చున్నట్టే ఉంది. అదే దూరం, అదే అద్దం. ఈసారి తల పక్కకి తిప్పుకుంది.

ఉమాకాంత్ తిరిగొచ్చి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు.

"బాగానే ఉన్నాడు. తెల్లవార్లూ నిద్ర లేక, ఇక్కడికొచ్చి పడుకున్నాడట. ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఇంట్లోనే మర్చిపోయాడు. వాళ్ళిద్దరూ వాళ్ళ కార్‌లో వస్తారు." స్టీరింగ్ మీద చేతులు పెట్టుకున్నాడు. "ఇంకోటి కూడా చెప్పాడు. నువ్వు రాస్తావని తెలిసే నీకు చెప్పాడట. స్రవంతికి నోటితో చెప్పలేక. పాటైతే పాడగలననుకున్నాడట."

ఇంద్రజ గుండె ఒక్కసారి తేలికపడింది. తన తప్పేమీ లేదన్నమాట. అతనే కోరుకున్నాడన్నమాట. ఆ తేలికపాటు రెండు ఊపిర్ల కాలం కూడా నిలవలేదు. చెట్ల కింద ఒంటరిగా తింటున్న మనిషిని దొంగచాటుగా చూసిన రోజు అతని మనసులో ఏముందో తనకి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. అతను క్షమించినంత మాత్రాన తను చేసింది మారదు.

"పాట తీసేయమని రఘుకి చెప్తాను" అంది.

"చెప్పు" అన్నాడు ఉమాకాంత్. కారు స్టార్ట్ చేశాడు గానీ కదల్చలేదు. "దుప్పటి పాట నాదే కదా."

ఇంద్రజ తలెత్తి అద్దంలో అతని కళ్ళ కోసం చూసింది.

అది ఇంద్రజ రెండేళ్ళ కిందట రాసిన పాట. 'కళ్ళు మూసుకో కన్నా, గాజుల చప్పుడు ఆగేదాకా. దుప్పటి ముసుగు తీయకు నాన్నా, తెల్లవారి కోడి కూసేదాకా.' ఊయల ఊపే తల్లి చేతి గాజులనుకుని అందరూ మెచ్చుకున్నారు. పిల్లల పుట్టినరోజుల్లో పాడించుకుంటారు. చాముండేశ్వరి కూడా వచ్చిన కొత్తలోనే నేర్చుకుంది.

పెళ్ళయిన మొదటి ఏడాది ఉమాకాంత్ ఒకే ఒక్కసారి చెప్పిన సంగతి అది. తండ్రి తల్లి మీద చెయ్యి చేసుకున్న రాత్రుళ్ళు, ఏడేళ్ళ పిల్లాడు దుప్పటి కింద నిద్ర నటించేవాడు. గాజుల చప్పుడు ఆగేదాకా. పొద్దున తల్లి జడ వేసుకుంటూ, "రాత్రి మంచి నిద్ర పట్టిందా నాన్నా" అని అడిగేది. పట్టిందమ్మా అనేవాడు. అమ్మకి ఎప్పటికీ తెలియకూడదు అన్నాడు అప్పుడు. ఆ మాటని ఇంద్రజ జాగ్రత్తగా దాచింది. దాచిన చోటే పాట మొలిచింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"గ్యారేజ్‌లో మొదటిసారి విన్నప్పుడే."

"అప్పుడే అడగొచ్చు కదా. ఎందుకు అడగలేదు?"

ఉమాకాంత్ స్టీరింగ్ మీంచి చేతులు తీశాడు. "పాట బాగుంది" అన్నాడు. "అంత బాగుంటే ఏమనాలో తెలియలేదు. నా దగ్గర్నుంచి తీసుకుని నాకంటే బాగా చెప్పావు. కోపం తెచ్చుకుంటే, చిన్నవాడిని అయిపోతాననిపించింది. ఇప్పుడు స్రవంతి మాట్లాడుతుంటే తెలిసింది, నాకు కోపం వచ్చిందని."

క్షమించు అన్న మాట ఇంద్రజకి అందుబాటులోనే ఉంది. పాటల్లో ఎన్నిసార్లో వాడిన మాట. ఇప్పుడు వాడితే అది కూడా రాసినట్టే ఉంటుందని ఊరుకుంది.

డాష్‌బోర్డ్ స్క్రీన్ మీద 'అమ్మ' అని వెలిగింది. ఉమాకాంత్ నొక్కాడు.

"కనిపించాడా ఉమా?" కారంతా చాముండేశ్వరి గొంతు.

"కనిపించాడమ్మా. బాగానే ఉన్నాడు. స్రవంతి దగ్గరే ఉంది. మేం బయల్దేరుతున్నాం."

"మంచిది నాయనా."

పెట్టేస్తుందనుకున్నారు. పెట్టలేదు. ఆమె ఊపిరి వినపడుతోంది.

"అమ్మాయి ఉందా అక్కడ?"

"ఉన్నాను అత్తయ్యా."

"మీరు వెళ్ళాక కూర్చుని ఆలోచిస్తున్నానమ్మా. పొద్దున స్రవంతి అంది కదా, అది నా కిచెన్‌లో నేను అడిగిన మాట అని. అంటే నీ పాటలన్నీ ఎవరికో ఒకరికి నిజంగా జరిగినవేనా?"

ఇంద్రజ ఉమాకాంత్ వైపు చూసింది. అతను ముందుకే చూస్తున్నాడు.

"ఆ దుప్పటి పాట ఇందాక మళ్ళీ పాడుకున్నాను. ఇన్నాళ్ళూ మాటలు పట్టించుకోలేదు. అందులో పిల్లాడు నిద్రపోలేదా అమ్మాయ్?"

ఉమాకాంత్ చెయ్యి కాల్ కట్ చేసే బటన్ దాకా వెళ్ళి, అక్కడే గాలిలో నిలిచిపోయింది.

"అమ్మా, ఇంటికొచ్చాక..."

"నిన్ను కాదు నాన్నా" అంది చాముండేశ్వరి. "అమ్మాయిని చెప్పనీ."